ఘాట్ రోడ్డు కన్నా ముందు ట్రెడ్‌మిల్ ఎక్కండి

ప్రశ్న: నా వయసు 47. మహబూబ్‌నగర్‌లో ఉపాధ్యాయుడిని. రెండేళ్లుగా బీపీకి మెటోప్రొలాల్ మాత్ర వేసుకుంటున్నాను. ఏడాదిగా రోజూ 20 కిలోమీటర్లు సైకిల్ తొక్కుతున్నాను. మూడు వారాల్లో మా సైకిల్ బృందం మన్ననూరు నుంచి శ్రీశైలం వెళ్తోంది. ఘాట్ రోడ్డు తొక్కాలంటే ఏం తినాలి? మాత్ర ఎప్పుడు వేసుకోవాలి? ఈ మధ్య ఎత్తు ఎక్కేటప్పుడు ఛాతీ కొంచెం పట్టేసినట్లు ఉంటోంది, ఆగితే తగ్గిపోతోంది. గ్యాస్ అనుకుంటున్నాను. ఈసీజీ మామూలుగానే ఉందన్నారు. మా నాన్నగారికి 52వ ఏట గుండెపోటు వచ్చింది.
– ఒక పాఠకుడు

జవాబు: మీరు అడిగింది తిండి గురించి, మాత్ర గురించి. చివర్లో మాటవరసకు రాసిన సంగతి దగ్గర నేను ఆగిపోయాను. గ్యాస్ అయితే కుర్చీలో కూర్చున్నప్పుడూ వస్తుంది, పడుకున్నప్పుడూ వస్తుంది. ఎత్తు ఎక్కినప్పుడే వచ్చి, ఆగగానే పోయే బిగుతును యాంజైనాగానే, అంటే గుండెకు రక్తం చాలక వచ్చే ఛాతీ నొప్పిగానే అనుమానించాలి. కాదని పరీక్షలో తేలేదాకా అలాగే చూడాలి.

ఈసీజీ బాగుందన్న ధైర్యం మీకు చాలదు. అది మీరు పడుకుని ఉండగా తీసింది. బోరులో నీళ్లు తగ్గినా ఒక మడి తడుస్తుంది. రెండో మడికి మళ్లించినప్పుడే కొరత బయటపడుతుంది. గుండె రక్తనాళం సన్నబడినా అంతే. విశ్రాంతిలో రక్తం సరిపోతుంది, ఎక్కుడులో సరిపోదు. తండ్రికి 55 ఏళ్లలోపు గుండెపోటు రావడాన్ని మేం ముప్పు కిందే లెక్కిస్తాం. దానికి మీ బీపీ తోడైంది.

అందుకే ఈసారి ప్రయాణం మానుకోండి. ఈ వారంలోనే గుండె వైద్యుణ్ని కలిసి ఈ లక్షణం ఉన్నదున్నట్లు చెప్పండి. ఎకో (గుండె స్కానింగ్), అవసరమైతే ట్రెడ్‌మిల్ పరీక్ష (నడిపిస్తూ తీసే ఈసీజీ), లేదా మీకు తగిన మరో పరీక్ష ఆయన నిర్ణయిస్తారు. కొలెస్ట్రాల్, షుగర్ కూడా చూస్తారు. మెటోప్రొలాల్‌ను మీ అంతట మీరు ఆపకండి. ఒక్కసారిగా ఆపితే ఛాతీ నొప్పి ఎక్కువయ్యే ప్రమాదం ఉంది. పరీక్షకు ముందు ఆపాలా వద్దా అన్నది కూడా డాక్టరే చెప్పాలి. అప్పటిదాకా ఎత్తులు తొక్కవద్దు. కూర్చుని ఉన్నప్పుడు బిగుతు వచ్చినా, పది నిమిషాల్లో తగ్గకపోయినా, చెమటలు పట్టినా, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకినా వెంటనే 108కి ఫోను చేయండి. బండి మీద మీరే ఆసుపత్రికి బయలుదేరకండి.

ఇంత గట్టిగా చెప్పడానికి ఆ దారి కూడా కారణం. మన్ననూరు చెక్‌పోస్టు దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం. చాలాచోట్ల ఫోను సిగ్నల్ అందదు, ఆపదలో అంబులెన్సు రావడానికి సమయం పడుతుంది. దోమలపెంట దాటాక డ్యాం దాకా దిగుడు, ఆ తర్వాత శ్రీశైలం వైపు ఎక్కుడు. సైకిల్ మీదే తిరిగి వస్తే, అలసిన ఒంటితో ఆ దిగుడంతా ఎక్కాలి. పైగా పదిమందితో వెళ్తున్నప్పుడు వెనకబడకూడదన్న పంతం పుడుతుంది. ఛాతీ పట్టేసినా చెప్పకుండా తొక్కేవాళ్లను చూశాను. తర్వాత ఎప్పుడు వెళ్లినా మీ సంగతి బృందంలో కనీసం ఇద్దరికి చెప్పండి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

పరీక్షలన్నీ బాగుండి డాక్టర్ సరేనంటే, వానలు తగ్గాక వెళ్లవచ్చు. రెండు మూడు నెలలు చిన్న ఎత్తులతో సాధన చేయండి. పక్కవారితో ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగినంత వేగమే మీ హద్దు. చేతి గడియారంలో గుండె వేగం అంకెను నమ్ముకోవద్దు, మెటోప్రొలాల్ గుండె వేగాన్నే తగ్గిస్తుంది కాబట్టి ఆ అంకె మీ శ్రమను సరిగ్గా చెప్పదు. తేలిక గేరులో, కూర్చునే తొక్కండి. బయలుదేరడానికి రెండు గంటల ముందు ఇడ్లీయో ఉప్మాయో చాలు; దారిలో అరటిపళ్లు, దాహాన్ని బట్టి నీళ్లు. మాత్ర రోజూ వేసుకునే వేళకే వేసుకోండి. వెంట ఒక వాహనం తప్పకుండా ఉండాలి.

ఒకవేళ గుండె రక్తనాళంలో అడ్డంకి ఉందని తేలినా సైకిల్ శాశ్వతంగా మూలన పడుతుందని భయపడకండి. మందులతోనో, స్టెంట్ వేశాకనో డాక్టర్ పర్యవేక్షణలో మళ్లీ తొక్కుతున్నవాళ్లు ఎందరో ఉన్నారు. మీకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే వాళ్లకూ బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించండి. తండ్రి మీ అందరికీ ఒక్కరే కదా.