ట్యాగ్‌లో 179, బిల్లులో 205: షాపు యజమాని బాధ్యత ఎంత?

ప్రశ్న: ఖమ్మంలో మాకు సొంత సూపర్‌మార్కెట్ ఉంది. ర్యాకుల అంచుకు తగిలించే ప్లాస్టిక్ ప్రైస్ ట్యాగ్ హోల్డర్లు 1,200 కొన్నాం. ఒక్కోటి పన్నుతో కలిపి రూ.38. సగం డబ్బు, అంటే రూ.22,800, ముందే ఇచ్చాం. మిగతాది సరుకు వచ్చిన నెలకు ఇవ్వాలి. చూపించిన శాంపిల్ గట్టిగా పట్టుకుంది. వచ్చిన సరుకు మాత్రం పల్చగా ఉంది, చెయ్యి తగిలితే పక్కకు జరిగిపోతోంది. అప్పటికే 400 బిగించేశాం. అలా జరిగిన ఒక ట్యాగ్ చూసి ఒకావిడ లీటరు వేరుశనగ నూనె ప్యాకెట్ రూ.179 అనుకుని తీసుకున్నారు. బిల్లులో రూ.205 పడింది. ప్యాకెట్ మీద ఎమ్మార్పీ రూ.215. ఇంటికి వెళ్లాక బిల్లు చూసుకుని, ర్యాకు దగ్గర తీసిన ఫొటో జతచేసి లాయర్ నోటీసు పంపారు. రూ.26 తిరిగి ఇవ్వాలట, రూ.25,000 పరిహారం కూడా ఇవ్వాలట. ఎమ్మార్పీ దాటలేదు కాబట్టి తప్పేమీ లేదని మా అకౌంటెంట్ అంటున్నారు. ‘బిల్లు ధరే ఫైనల్’ అని కౌంటర్ దగ్గర బోర్డు కూడా ఉంది. హోల్డర్లు అమ్మినవాళ్లు వాటిని వెనక్కి తీసుకోం అంటున్నారు. సరుకు దిగి 10 రోజులైంది. ఏం చేయాలి?

జవాబు: నోటీసు చూసి కంగారుపడుతున్నారు గానీ, ముందు గడువు దాటిపోయేది హోల్డర్ల వ్యవహారం. మీకు అమ్మినవాళ్లు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలు కేంద్ర ప్రభుత్వం దగ్గర చేయించుకునే నమోదు) ఉన్న సూక్ష్మ లేదా చిన్న తరహా తయారీదారులైతే, 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) అభివృద్ధి చట్టం వాళ్లకు గట్టి రక్షణ ఇస్తుంది. సరుకు దిగిన 15 రోజుల్లోపు మీరు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, సరుకును ఆమోదించినట్టే ఆ చట్టం లెక్క. ఆ తర్వాత బాకీ ఆపితే, రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ నెలనెలా చక్రవడ్డీగా పడుతుంది. ఎన్ని రోజులకు ఇస్తామని ఒప్పుకున్నా 45 రోజులు దాటడానికి వీల్లేదు. ఫోన్‌లో ఎంత గొడవపడ్డా అది అభ్యంతరం కింద రాదు. అందుకని ఇది చదివిన రోజే ఈమెయిల్ చేయండి, అదే విషయం రిజిస్టర్డ్ పోస్టులోనూ పంపండి. ఇన్వాయిస్ నంబరు, సరుకు దిగిన తేదీ, శాంపిల్‌కూ సరుకుకూ ఉన్న తేడా, ఎన్ని బిగించారు, ఎన్ని పెట్టెల్లోనే ఉన్నాయి, మీరేం కోరుతున్నారు అన్నవన్నీ అందులో ఉండాలి. అమ్మింది తయారీదారు కాక ఉత్త ట్రేడరైతే, ఉద్యమ్ నంబరు ఉన్నా ఈ వడ్డీ నిబంధన వర్తించదు. అయినా ఉత్తరం మాత్రం తప్పనిసరి. కారణం తర్వాత చెబుతాను.

ఇక నూనె ప్యాకెట్ సంగతి. మీ అకౌంటెంట్ చెప్పింది సగమే నిజం. ప్యాకేజ్డ్ సరుకుల నిబంధనలు (2011) 18(2) ప్రకారం ఎమ్మార్పీకి మించి అమ్మకూడదు. మీరు మించలేదు కాబట్టి ఈ ఒక్క అమ్మకం మీద తూనికలు, కొలతల శాఖ కేసు పెట్టే అవకాశం లేదు. కానీ ఎమ్మార్పీ ఒక గరిష్ఠ పరిమితి మాత్రమే. దానికి లోపల మీరే ఒక ధర రాసి ర్యాకుకు తగిలించాక, ఆ ధరకు మీరు జవాబుదారీ.

షెల్ఫ్ మీద ధర పెట్టినంత మాత్రాన అది కట్టిపడేసే ఒప్పందం కాదనే వాదన ఒకటి ఉంది. 1953లో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు బూట్స్ మందుల షాపు కేసులో చెప్పింది అదే: సరుకు పేర్చి ధర పెట్టడం కొనమని ఆహ్వానం మాత్రమే, కస్టమర్ దాన్ని కౌంటర్‌కు తెచ్చినప్పుడే కొంటానన్న ప్రతిపాదన పుడుతుంది. మన కాంట్రాక్టు చట్టం (1872) కింద కూడా ఇదే సూత్రాన్ని వాడతారు. దీనివల్ల మీకు దక్కేది ఒకే ఒక్క హక్కు. బిల్లు వేసేటప్పుడు ‘అమ్మా, ట్యాగ్ పొరపాటున జరిగింది, దీని ధర 205, తీసుకుంటారా?’ అని అడగవచ్చు, ఆవిడ వద్దంటే ప్యాకెట్ వెనక్కి పెట్టుకోవచ్చు. చెప్పకుండా 205 కొట్టేస్తే ఆ వాదన మీకు ఉపయోగపడదు. ఆవిడ 179 అనుకునే ప్యాకెట్ బల్ల మీద పెట్టారు కదా.

వినియోగదారుల రక్షణ చట్టం (2019) దీన్ని వేరే వైపు నుంచి చూస్తుంది. సెక్షన్ 2(1)లో ప్రకటన అనే మాటకు ఇచ్చిన అర్థంలో నోటీసు, లేబుల్ కూడా ఉన్నాయి. ధర విషయంలో జనాన్ని తప్పుదోవ పట్టించడం సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార విధానం. ఒక్క ట్యాగ్ పొరపాటున జరగడం వేరు, తక్కువ ధర చూపించి ఎక్కువ వసూలు చేయడం అలవాటుగా సాగడం వేరు, నిజమే. కానీ జిల్లా వినియోగదారుల కమిషన్ సెక్షన్ 39 కింద పరిహారం వేయడానికి మీ నిర్లక్ష్యం వల్ల నష్టం జరిగిందని తేలితే చాలు. హోల్డర్లు జరుగుతున్నాయని మీకు తెలుసు, తెలిసీ ర్యాకుల మీద ఉంచారు. ఆవిడ లాయరు పట్టుకునేది ఇక్కడే. ‘బిల్లు ధరే ఫైనల్’ బోర్డు మిమ్మల్ని కాపాడదు సరికదా, ట్యాగ్ ధరలు నమ్మొద్దని మీరే ఒప్పుకున్నట్టు వినిపిస్తుంది. ఈరోజే తీసేయండి.

ఇప్పుడు ఫొటో జాగ్రత్తగా చూడండి. కేసు బలాబలాలు తేలేది అందులోనే. ఆ ట్యాగ్ మీద ‘పామాయిల్, 1 లీటరు, రూ.179’ అని సరుకు పేరు స్పష్టంగా ఉంటే, అది వేరుశనగ నూనె ధర కాదని చదివినవాళ్లకు తెలుస్తుంది. అది మీకు నిలబడే జవాబు. ఉత్త ‘179/-’ అని ఉంటే మీ దగ్గర జవాబు లేదు, ఏ ప్యాకెట్ కింద ఉంటే దాని ధరగానే ఎవరైనా తీసుకుంటారు. పేరు లేకుండా అంకె ఒక్కటే వేసే అలవాటు చాలా షాపుల్లో ఉంది. కేసులు ఓడిపోయేది దానివల్లే కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఫొటో ఎలా ఉన్నా రూ.26 కోసం పోట్లాడకండి. మీ లాయరు ద్వారా నోటీసుకు జవాబు ఇచ్చి, ఆవిడ డబ్బు చెల్లించిన ఖాతాకే ఆ మొత్తం వెనక్కి పంపండి. హక్కులకు భంగం లేకుండా చెల్లిస్తున్నామని, ట్యాగ్ జరగడం వల్ల పొరపాటు జరిగిందని, ఏ తేదీన సరిచేశారో రాయండి. ప్లాస్టిక్ బాగోలేదన్న సంగతి వివరణగా ఒక వాక్యంలో ఉండొచ్చు గానీ, నెపమంతా దాని మీద వేయొద్దు. కస్టమర్‌కు హోల్డర్లు అమ్మినవాళ్లతో సంబంధం లేదు. ఆ రోజు సీసీ కెమెరా ఫుటేజీ చెరిగిపోకముందే కాపీ చేయించండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు సర్టిఫికెట్ ఇవ్వాలి. కాపీ తీసినవారి పేరు, తీసిన తేదీ, పరికరం వివరాలు అప్పుడే రాసి పెట్టుకుంటే అది తేలిక.

ఇంత చేసినా ఆవిడ కమిషన్‌కు వెళ్లొచ్చు. సరుకు విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్ల గడువుంది, తాను ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేసుకోవచ్చు. కమిషన్ నుంచి ఫిర్యాదు కాపీతో నోటీసు అందితే మీ జవాబు 30 రోజుల్లో పడాలి. అనుమతిస్తే మరో 15 రోజులు, అంతే. 45 రోజులు దాటాక తీసుకోవడం కుదరదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో తేల్చేసింది. లాయర్ నోటీసుకు ఇచ్చిన జవాబు, డబ్బు పంపిన ఆధారం ఆ రోజు చేతిలో ఉంటే రూ.25,000 అడగడానికి ఆవిడ చూపగలిగే నష్టం చాలా కొద్దిదే.

హోల్డర్లకు మళ్లీ వద్దాం. శాంపిల్ చూపించి అమ్మితే వస్తు విక్రయ చట్టం (1930) సెక్షన్ 17 ప్రకారం మొత్తం సరుకు నాణ్యతలో శాంపిల్‌లాగే ఉండాలి, పోల్చి చూసుకునే అవకాశం కొన్నవాళ్లకు ఇవ్వాలి. ఆ శాంపిల్ ముక్క మీ దగ్గరే ఉందా? ఉంటే కవర్లో పెట్టి తేదీ వేసి సీలు చేయండి, కేసంతా దానిమీదే నిలబడుతుంది. రెండింటి మందం వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి ఫొటో తీయండి. మీ ర్యాకు అంచు ఎత్తు, రేకు మందం కూడా కొలవండి. శాంపిల్ పెట్టి చూసిన ర్యాకు ఒకటి, సరుకు బిగించిన ర్యాకు ఇంకొకటి అయితే ‘మీ ర్యాకు తేడా’ అంటారు. రెండు రకాల హోల్డర్లనూ ఒకే ర్యాకుకు తగిలించి, ఇద్దరు సాక్షుల ముందు వీడియో తీయించండి.

మీరు చేసిన పొరపాటు 400 బిగించడం. నాలుగైదు తగిలించి చూస్తే అది పరీక్ష కిందకు వస్తుంది. 400 బిగించి ధరలు పెట్టి అమ్మకాలు నడిపితే సరుకు ఆమోదించినట్టే అంటారు. మొత్తం ఒకే ఆర్డరు, ఒకే ధర అయితే అదే వస్తు విక్రయ చట్టం సెక్షన్ 13(2) అడ్డం వస్తుంది: కొంత ఆమోదించాక మిగతా 800 తిరస్కరించడం కష్టం, నష్టపరిహారమే మిగులుతుంది. అందుకే ఇంకొక్కటి కూడా బిగించొద్దు. ఉత్తరంలో రెండు దారులూ అడగండి: మొత్తం వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వాలి, లేదంటే శాంపిల్ ప్రకారం మార్చి ఇవ్వాలి. అవి రెండూ కుదరకపోతే సెక్షన్ 59 కింద నాణ్యత తగ్గినంత మేర ధర తగ్గించుకుంటామని, బాకీ రూ.22,800లోనే సర్దుబాటు చేసుకుంటామని రాయండి. అభ్యంతరం చెప్పకుండా తగినంత కాలం ఊరుకుంటే సెక్షన్ 42 కింద ఆమోదమే అవుతుంది. ట్రేడరైనా ఉత్తరం తప్పదని అన్నది ఇందుకే. తిరస్కరణ నిలబడితే సరుకు మోసుకెళ్లి అప్పజెప్పాల్సిన బాధ్యత మీది కాదు. తీసుకోవడం లేదని తెలియజేస్తే చాలని సెక్షన్ 43 చెబుతోంది.

వాళ్ల మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలంటే మీరు వ్యాపార అవసరానికి కొన్నారన్న అభ్యంతరం వస్తుంది. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి మాత్రమే కొన్నవాళ్లకు మినహాయింపు ఉంది. మనుషుల్ని పెట్టుకుని నడిపే సూపర్‌మార్కెట్‌కు అది దొరకడం అనుమానమే. సివిల్ కోర్టు దారే నమ్మకం. కస్టమర్‌కు మీరు కట్టేది కూడా వాళ్ల నుంచి రాబట్టొచ్చా అంటే, కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 దూరపు నష్టాలను ఒప్పుకోదు. దాని మీద ఆశ పెట్టుకోకండి.

తనిఖీకి అధికారి వస్తే ట్యాగుల దగ్గర ఇంకా మూడు తప్పులు దొరుకుతాయి. పాత బ్యాచ్ ఎమ్మార్పీ 52, కొత్తది 55 ఉన్నప్పుడు ట్యాగ్ 55 పెట్టి రెండూ ఒకే వరసలో పేర్చడం మొదటిది. పాత ప్యాకెట్‌కు 55 పడిందంటే 18(2) ఉల్లంఘనే. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎమ్మార్పీ వారీగా స్టాకు విడగొట్టి, పాతది అయిపోయేదాకా వేరే హోల్డరు పెట్టండి. పప్పు, చింతపండు మీరే కిలో, అరకిలో ప్యాకెట్లుగా కట్టి ధర ట్యాగ్ మీదే రాయడం రెండోది. కస్టమర్ ఎదుట లేకుండా కట్టారంటే మీరే ప్యాకర్. పేరు, చిరునామా, సరుకు పేరు, నికర బరువు, ఎమ్మార్పీ, తేదీ, ఫిర్యాదుల నంబరు ప్యాకెట్ మీదే ఉండాలి. కిలోకు తక్కువైతే గ్రాముకు ఎంత పడుతుందో కూడా వేయాలి. ప్యాకింగ్ మొదలుపెట్టిన 90 రోజుల్లో రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేయాలి. ర్యాకుకు ఎంత చక్కటి ట్యాగ్ ఉన్నా ప్యాకెట్ మీద లేనిదాన్ని అది తీర్చదు. మూడోది విడి సరుకు: లీగల్ మెట్రాలజీ (తూనికలు, కొలతల) చట్టం (2009) సెక్షన్ 11 ప్రకారం ధర ప్రకటించేది ప్రామాణిక కొలతల్లోనే. మానిక, తవ్వ, శేరు లెక్కన ట్యాగ్ రాయకూడదు, కిలోకో లీటరుకో రాయాలి.

వాళ్లు మార్చి ఇచ్చే కొత్త హోల్డర్లలో పెట్టే చీటీ మీద సరుకు పేరు, బ్రాండు, పరిమాణం, ఎమ్మార్పీ, మీ ధర, బార్‌కోడ్ చివరి అంకెలు, ప్రింటు తీసిన తేదీ వేయించండి. ధర మారిన రోజు ముందు చీటీ మార్చి, తర్వాత కంప్యూటర్‌లో మార్చండి. ధర తగ్గేటప్పుడు మాత్రం ముందు కంప్యూటర్, తర్వాత చీటీ. అలా చేస్తే మధ్యలో ఎవరైనా బిల్లు వేయించుకున్నా, ట్యాగ్ మీద ఉన్నదానికంటే ఎక్కువ పడదు.