పాత సీడీ ప్లేయర్‌ని బతికించి ఊరికి మోసుకపోయిన కథ, కాలిన ఫ్యూజుతో సహా

ప్రొద్దుటూరు పిల్లోడొకడు ఈమధ్యనే డల్లాస్‌లో దిగినాడు. ఇంట్లో ఇంకా సోఫా కూడా లేదు, అప్పుడే పక్కవీధి ఎస్టేట్ సేల్‌లో (ఇంట్లో పాత సామాన్లన్నీ అమ్మేసేది) పదైదు కిలోల సీడీ ప్లేయర్ నలభై డాలర్లకు ఎత్తుకొచ్చి నాకు ఫోన్ చేసినాడు. "అన్నా, లైటు వెలుగుతాంది, ట్రే లోపల గరగరా అంటాంది గానీ బయటికి రాలేదు. మోసపోయినానా? బాగయితే నాయనకు ఊరికి తీసకపోవచ్చునా?" అని. ఈ రెండు ప్రశ్నలూ నన్ను ఇంతకుముందు కూడా నలుగురైదుగురు అడిగినారు, కాబట్టి ఈసారి రాసే పెడతాండా.

మోసపోలేదు తమ్ముడూ. ఒకప్పుడు పెద్ద రేటుకు అమ్మిన ప్లేయర్లు చచ్చేది ఎక్కువగా చిన్న రబ్బరు ముక్క వల్లనే. శనివారం పోయి సూట్‌కేసునే టేబుల్ చేసుకొని, ప్లగ్గు పీకి (స్విచ్ ఆఫ్ చేస్తే చాలదు, కరెంటు తీగ గోడలోనించి బయటికి రావాల) పైమూత ఇప్పి చూస్తే, మోటరు తిరుగుతాంది, దాని పక్కనుండే చక్రం కదలడం లేదు. మధ్యలో బెల్టు చంటిబిడ్డ గాజంత ఉంటుంది, సాగిపోయి నున్నగా మెరుస్తాంది. వేడినీళ్లలో వేస్తే బిగుసుకుంటుందని కొందరు చెప్తారు, నేనూ చేసినా, రెండువారాలు పనిచేసి మళ్లీ మొదటికే వచ్చింది. కొత్తది ఐదు నుంచి పది డాలర్లు, ఆన్‌లైన్‌లో మోడల్ నంబరు కొడితే దొరుకుతుంది, దొరక్కపోతే పాతదాని కొలత తీసి అంతకంటే రవ్వంత చిన్నది తెప్పించుకోండి, ఎందుకంటే మీరు కొలిచేది ఆల్రెడీ సాగినదాన్ని గదా.

బెల్టు వేసినాక ట్రే వచ్చింది, డిస్కు పెడితే "నో డిస్క్" అంది. పిల్లోడి మొగం వాడిపోయింది. ఈడ ఒక సంగతి తెలుసుకోవాల, సీడీ గ్రామఫోన్ రికార్డు మాదిరి బయటి అంచునించి లోపలికి పోదు, లోపలినించి బయటికి వస్తుంది. పాటల జాబితా అంతా మధ్యన బెజ్జం పక్కనే రాసింటారు, ప్లేయర్ ముందు అది చదివినాకనే మిగతాది. మొదట్లో నిమిషానికి 500 చుట్ల దాకా తిరిగి, అంచుకు వచ్చేసరికి 200కు తగ్గుతుంది. కాబట్టి అసలు డిస్కునే గుర్తుపట్టకపోతే లెన్సు మీద దుమ్మో లేదా లేజరు నీరసమో అనుకోండి, మొదటి పాటలు బాగా పాడి చివరి పాటలకు తడబడితే లేజరు జరిగే పట్టాల మీద గ్రీజు ఎండి మైనం అయింటుంది. అన్నిసార్లూ ఇట్లనే అని కాదుగానీ నేను తెరిచినవాటిలో చానావరకు ఇంతే.

లెన్సు తుడవడానికి 99 శాతం ఐసోప్రొపిల్ ఆల్కహాలు, దూది పుల్ల. తడిపి, పిండి, ఈగ వాలినంత మెత్తగా ఒక్కసారి తిప్పండి. ఆ లెన్సు సన్నటి తీగల మీద వేలాడతా ఉంటుంది, ఒత్తితే అయిపాయె. లోపల ఉండేది 780 నానోమీటర్ల లేజరు, అది కంటికి దాదాపు కనపడదు, కనపడ్డంలేదు గదా అని తొంగి చూడొద్దు. పట్టాల మీది పాత గ్రీజు అదే ఆల్కహాలుతో తీసి కొత్తది బియ్యపుగింజంత పెడితే సరి. లేజరు పక్కన చిన్న స్క్రూ ఒకటి కనపడుతుంది, అది లేజరు పవర్‌ది. యూట్యూబులో చూసి దాన్ని తిప్పబాకండి, ఆరునెల్లు బతికేది ఆరుగంటల్లో పోతుంది.

ఇంతకీ ఆ పిల్లోడిది లెన్సు తుడిస్తేనే పాడింది. అట్ల కానప్పుడు లేజరే మార్చాల. కొన్ని మోడళ్లకు లేజర్లు ఇప్పటికీ దొరుకుతాయి, సోనీ కేఎస్ఎస్-213 లాంటివాటికి నకళ్లు లెక్కలేనన్ని, పాత ఎస్ఏసీడీ (సూపర్ ఆడియో సీడీ) ప్లేయర్లవయితే కొన్నింటికి వెతికి వెతికి అలిసిపోవాల్సిందే. అందుకే నేను కొనేముందే ఆడ నిలబడి ఫోన్లో లేజరు పేరు వెతుకుతా, దొరకదంటే ప్లేయర్ ఎంత అందంగా ఉన్నా పెట్టేసి వస్తా. ఇంకోటి, కొత్త లేజరు కొన్నిసార్లు స్టాటిక్ తగిలి పోకుండా చిన్న సోల్డర్ బొట్టు పెట్టి పంపుతారు, రిబ్బను కేబుల్ తగిలించినాక ఆ బొట్టు తీసేయాల. నేను మొదటిసారి తీయక, పార్టు చచ్చినది పంపినారని అమ్మినోడికి ఘాటుగా మెయిల్ పెట్టి తర్వాత సారీ చెప్పుకోవాల్సి వచ్చింది.

సేల్‌కి పోయేటప్పుడు జేబులో ఒక కంపెనీ సీడీ, ఇంట్లో నిండా రాసిన సీడీ-ఆర్ ఒకటి, పాత పెద్ద హెడ్‌ఫోన్ రంధ్రానికి 6.3 మిల్లీమీటర్ల అడాప్టరు పెట్టుకోండి. చివరి పాట కొట్టి వినండి, మొదటిది ఎవరికైనా పాడుతుంది. రిమోట్ ఉందా అని అడగండి, కొన్నిట్లో సగం పనులు రిమోట్‌తోనే అయితాయి. ఇంటికి తెచ్చినాక ఆంప్లిఫయర్‌లో ఆక్స్‌కో సీడీ అని రాసిన దానికో తగిలించండి, ఫోనో అని ఉండే దాంట్లో కాదు, అది రికార్డు ప్లేయర్లకు పెట్టింది, సీడీ ప్లేయర్ ఇచ్చేది రెండు వోల్టులు, ఫోనో దానికి అది తట్టుకోలేని గోల.

ఇంక ఊరికి తీసకపోయే సంగతి. ఇది నా సొంత బుద్ధితక్కువ. పోయిన వేసవికి మా నాయనకని ఒక మంచి ప్లేయర్ బాగుచేసి, కింద ఉండే ట్రాన్స్‌పోర్ట్ స్క్రూలు బిగించి (ఇవి బిగించకపోతే లేజరు దారంతా ఊగుతా వస్తుంది, దిగినాక ఇప్పకపోతే డిస్కు చదవదు), దుప్పట్లో చుట్టి 23 కిలోల పెట్టెలో సగం దానికే ఇచ్చి కడపకు మోసినా. వెనక పలక మీద 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని రాసే ఉండాది. నేను చదివినా కూడా. అయినా ఆ ఎండకు, ఆ నిద్రమత్తుకు, ప్లగ్గు ఆకారం మార్చే రెండు డాలర్ల అడాప్టరు పెట్టి మా ఇంటి 230 వోల్టుల ప్లగ్గులో తోసినా. టప్ మనింది. ఇల్లంతా వార్నిష్ కాలిన వాసన, మాయమ్మ వంటింట్లోనించి "ఏంది కాలుస్తాండావురా" అని.

ఏడు రోడ్ల కాడికి ఆటోలో ఏసుకొని పోతే రేడియో మెకానిక్ ఒకాయన, అరవై దాటింటాయి, ఒక్క మాట మాట్లాడకుండా మూత ఇప్పి నల్లబడిన గాజు ఫ్యూజు తీసి నా చేతిలో పెట్టినాడు. ట్రాన్స్‌ఫార్మర్‌కి మీటరు పెట్టి చూసి "బతికింది" అన్నాడు. అదే రేటింగు ఫ్యూజు వేసి, 230ని 120కి తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తగిలించి, దానికి ముందు నూరు వాట్ల బల్బు సీరీస్‌లో (కరెంటంతా బల్బు గుండానే పోయేటట్లు) పెట్టి స్విచ్ వేసినాడు. బల్బు ఒక్కసారి భగ్గుమని మళ్లీ మసకబారింది. అది మసకబారితే షార్టు లేదని అర్థం, అట్లనే వెలిగుంటే ట్రాన్స్‌ఫార్మర్ గోవిందా. ఇంత చదువుకున్నోడివి పలక చదవలేదా సామీ అన్నాడు, అంతే.

కాబట్టి స్టెప్‌డౌన్ అంటే ఇనుప కోర్ ఉండే బరువైనదే తీసుకోండి, ప్లేయర్ తాగేది పాతిక ముప్పై వాట్లే గాబట్టి 100 వీఏది (వీఏ అంటే ఇంచుమించు వాట్ల లెక్కే అనుకోండి) చాలు. హెయిర్ డ్రయ్యర్లకని అమ్మే తేలిక ట్రావెల్ కన్వర్టర్లు వీటికి పనికిరావు. కొన్ని ప్లేయర్లకు వెనక వోల్టేజి మార్చే మీట ఉంటుంది, ముందు అది చూసుకోండి. జపాన్ నించి తెప్పించుకునేవి 100 వోల్టులవి, వాటికి అమెరికాలో కూడా స్టెప్‌డౌన్ కావాల. మన ఊర్లో కరెంటు 50 హెర్ట్జ్, దానివల్ల పాట నెమ్మదిస్తుందేమో అని భయపడొద్దు, ఏసీ మోటరుతో తిరిగే రికార్డు ప్లేయర్లకు ఆ బాధ, సీడీకి లేదు.

ఇంత చేసి సాయంత్రం హాల్లో పెట్టి నాయన్ను కూచోబెట్టినా. ఆయన లోపలికి పోయి బజార్లో కొన్న ఎంపీత్రీ సీడీ తెచ్చినాడు, 150 పాటలని అట్ట మీద పెద్దగా. డిస్కు తిరిగింది, 1 అని నంబరు వచ్చింది, చప్పుడు లేదు. ఆ కాలపు ప్లేయర్లు ఆడియో సీడీ తప్ప వేరేది పాడవని నాకు తెలుసు, ఆయనకు చెప్పలేదు. "ఏమిరా, ఇంత బరువు మోసుకొచ్చింది పాట రానిదాన్నా?" అన్నాడు.

ఇప్పుడు ఆ పాటలన్నీ ఆడియో సీడీలుగా రాసి పంపుతాండా, సీడీ-ఆర్‌ల మీదే, చెరిపి మళ్లీ రాసుకునే ఆర్‌డబ్ల్యూలు పాత లేజర్లకు సరిగా అందవు. ఒక్కోదాంట్లో 80 నిమిషాలే పడతాయి. మొదటి ఎంపీత్రీ డిస్కుకే పదకొండు అయినాయి, నాయన దగ్గర అట్లాంటివి ఇంకా ఆరు ఉండాయి.