సీఈఓగా ఎవరు నయం: ప్లాంట్‌లో ఎదిగినవారా, సీఏనా, మార్కెటింగ్ మనిషా?

మీ కుటుంబ కంపెనీకి మొదటిసారి బయటి నుంచి సీఈఓను తెస్తున్నామని, చివరి వరుసలో ఒక సీఏ, ఒక ప్లాంట్ హెడ్, ఒక మార్కెటింగ్ ఆయన మిగిలారని రాశారు. నేను హైదరాబాద్ శివార్లలోని మందులకు ముడిసరుకు చేసే ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో చాలా ఏళ్లు క్వాలిటీ విభాగంలో పనిచేశాను. ఈ మూడు రకాల ఎండీలనూ చూశాను కాబట్టి చెబుతున్నా.

మీ కంపెనీ ఎక్కడ దెబ్బ తింటే మళ్లీ లేవలేదో, ఆ పనిలో తలపండినవారిని తీసుకోండి. మనిషి ఏ పనిలో ఎదిగితే ఆ పనిలోని చెడు కబురే ముందుగా చెవికెక్కుతుంది. మిగతావి విన్నా ‘చూద్దాంలే’ అనిపిస్తాయి.

మా మొదటి ఎండీ కెమిస్ట్, కంపెనీ పెట్టిందీ ఆయనే. పొద్దున రాగానే ప్రొడక్షన్ బ్లాక్‌కే వెళ్లేవారు. ఒక్కో విడత తయారీ వివరాలు రాసే బ్యాచ్ రికార్డు తెరిచి, గంటగంటకూ రాయాల్సిన రియాక్టర్ (రసాయనాలు కలిపి మందు చేసే పెద్ద పాత్ర) టెంపరేచర్లు చూసేవారు. అంకెలన్నీ ఒకే ఒరవడిలో, ఒక్క కొట్టివేత లేకుండా ముత్యాల్లా ఉన్నాయంటే ఆ పేజీ మీద వేలు పెట్టి షిఫ్ట్ కెమిస్ట్‌ని అడిగేవారు: “ఏం బాబూ, ఇది రాత్రంతా రాసిందా, పొద్దున టీ తాగుతూ రాసిందా?” అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్టర్లు వెతికేదీ అదే, పని జరుగుతున్నప్పుడే రాశారా లేదా అని. తేడా దొరికితే, వాళ్లు లోపాలు రాసిచ్చే ఫామ్ 483లోకి ఎక్కుతుంది. సరిదిద్దుకోకపోతే వార్నింగ్ లెటర్, ముదిరితే ఇంపోర్ట్ అలర్ట్. అది పడిందంటే సరుకు అమెరికా గడప దాటదు. ఆయన వేలికి భయపడి మావాళ్లు రికార్డులు ఎప్పటికప్పుడు రాసేవారు.

అలాగని ఆయన్ని ఆకాశానికెత్తను. బాకీలు వసూలు చేయడం ఆయన వల్ల అయ్యేది కాదు. పాత పార్టీ ఫోన్ చేసి వచ్చే నెల ఇస్తామంటే సరేననేవారు. జీతాలు ఆలస్యమైన నెలలున్నాయి.

తర్వాత వచ్చినాయన సీఏ. మొండి బాకీలు రాబట్టారు, గోడౌన్లో పేరుకుపోయిన సాల్వెంట్ స్టాకు తగ్గించారు. జీతాలు ఒకటో తారీఖుకల్లా పడేవి. ఆ మేలు ఎవరూ కాదనలేరు. కానీ గ్లాస్‌లైన్డ్ రియాక్టర్‌లో లోపలి గాజు పూత లేచిందని మెయింటెనెన్స్ వాళ్లు చెబితే, “ఈ మూడు నెలల క్వార్టర్ అవనివ్వండి” అన్నారు. పూత లేచిన చోట యాసిడ్ కింది ఉక్కును తినేస్తుంది, ఆ ఇనుము సరుకులో తేలుతుంది. బ్యాచ్‌లు ఫెయిలయ్యాకే రియాక్టర్ మార్చారు. మంచి మనిషే. కొత్త రియాక్టర్ ఖరీదు ఆయన ముందున్న కాగితం మీద ఉంది, ఫెయిలవబోయే బ్యాచ్ లేదు, అంతే.

సేల్స్ నుంచి వచ్చినాయన ఎక్కువ కాలం ఉండలేదు. మా కెపాసిటీకి మించి ఆర్డర్లు తెచ్చారు. డెలివరీ తేదీలు ఆయన ఇచ్చేవారు, టెన్షన్ మేం పడేవాళ్లం.

‘అయితే ఇంజినీర్ని పెడితే సరి’ అనుకోకండి. కంప్యూటర్ చిప్‌లు చేసే ఇంటెల్‌లో 2019లో ఫైనాన్స్ చీఫ్ బాబ్ స్వాన్‌ను సీఈఓ చేశారు. ఆ మరుసటి ఏడాదే కొత్త తరం 7 నానోమీటర్ చిప్‌లు ఆలస్యమవుతాయని ప్రకటించాల్సి వచ్చింది (ఆ తయారీ చిక్కులు ఆయన రాకముందువే, అదీ నిజమే). 2021లో చిప్ ఇంజినీర్ పాట్ గెల్సింగర్‌ను తెచ్చారు. ఆయన కూడా 2024 డిసెంబరులో దిగిపోయారు. యాపిల్‌లో 2011లో స్టీవ్ జాబ్స్ తర్వాత వచ్చిన టిమ్ కుక్ డిజైనర్ కాదు. తయారీ, సరఫరా చూసుకున్న మనిషి. కోట్ల ఫోన్లు అనుకున్న రోజుకి దుకాణాలకు చేరాల్సిన కంపెనీకి ఆయన అతికినట్టు సరిపోయారు.

మీరేం తయారుచేస్తారో రాయలేదు. మందులు, కెమికల్స్, తిండి సరుకులైతే నా ఓటు ప్లాంట్ హెడ్‌కే. కాకపోతే ఆయన ఎప్పుడైనా ఒక యూనిట్ లాభనష్టాలకు జవాబుదారీగా ఉన్నారేమో కనుక్కోండి. లేకపోతే ఆయనకు తోడుగా గట్టి సీఎఫ్‌ఓను (ఫైనాన్స్ చీఫ్‌ను) నియమించి, పెద్ద ఖర్చులకు ఇద్దరి సంతకమూ తప్పనిసరి చేయండి. మీది డిస్ట్రిబ్యూషన్ వ్యాపారమైతే మునిగేది బాకీల్లోనే, కాబట్టి సీఏనే తీసుకోండి.

ఇంటర్వ్యూ గదిలో ముగ్గురూ బాగానే మాట్లాడతారు. ఒక్కొక్కరినీ మీరు పక్కన లేకుండా ఒక పూట ఫ్యాక్టరీలోనో గోడౌన్లోనో తిరగనివ్వండి. ఎవరు ఏమేం అడిగారో సాయంత్రం మీ సూపర్‌వైజర్లనే అడగండి.