ఈఎస్ఆర్ దిగింది, జ్వరం దిగలేదు: ఏ అంకెను నమ్మాలి?

ప్రశ్న: మా పాపకు ఏడేళ్లు. సిస్టమిక్ జువెనైల్ ఆర్థ్రైటిస్, అంటే జ్వరం, దద్దుర్లతో పిల్లలకు వచ్చే ఒక రకం కీళ్లవాతం అని నాలుగు నెలల క్రితం తేల్చారు. రక్తపరీక్షలో నెల కిందట 90 ఉన్న ఈఎస్ఆర్ ఇప్పుడు 30కి వచ్చింది. అయినా సాయంత్రం జ్వరం వస్తూనే ఉంది, పాప నీరసంగా పడుకుంటోంది. వచ్చే వారం డాక్టరు గారి దగ్గర సున్నా నుంచి పది దాకా ఉన్న గీత మీద గుర్తు పెట్టాలి. జబ్బు తగ్గినట్టేనా? ఎంత పెట్టమంటారు?

జవాబు:

వచ్చే వారం దాకా ఆగవద్దని నా మనవి. ఈరోజే మీ డాక్టరు గారికి ఫోన్ చేసి, ఈఎస్ఆర్ 90 నుంచి 30కి దిగినా జ్వరం తగ్గలేదని, పాప నీరసపడుతోందని ఉన్నదున్నట్టు చెప్పి, ఒంట్లో వాపు పెరిగితే ఎగసే ఫెరిటిన్, ప్లేట్‌లెట్లు, కాలేయం సంగతి చెప్పే ఏఎస్‌టీ, రక్తంలో కొవ్వైన ట్రైగ్లిజరైడ్లు, రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే ఫైబ్రినోజన్ పరీక్షలు వెంటనే చేయించాలా అని అడగండి. డాక్టరు గారు దొరకకపోతే పాపను తీసుకుని ఆసుపత్రికి వెళ్లండి. నేను వైద్యురాలిని కాను. గోపాలపట్నంలో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెబుతాను. మా అబ్బాయికి ఐదో ఏట ఇదే జబ్బు మొదలై ఇప్పటికి ఆరేళ్లు నిండాయి కాబట్టి, ఇంత తొందర ఎందుకో వివరించగలను.

ఈఎస్ఆర్ జబ్బును నేరుగా కొలిచే పరీక్ష కాదు. నిలువు గొట్టంలో పోసిన రక్తంలో ఎర్రకణాలు గంటలో ఎన్ని మిల్లీమీటర్లు కిందికి దిగాయో అది చెబుతుంది. ఒంట్లో వాపు ఉన్నప్పుడు కాలేయం ఫైబ్రినోజన్ అనే ప్రోటీనును ఎక్కువగా తయారుచేస్తుంది, దానివల్ల ఎర్రకణాలు నాణేల దొంతరల్లా అతుక్కుని త్వరగా దిగుతాయి. మందు పనిచేసి వాపు తగ్గితే ఈ అంకె తగ్గుతుంది, మనం కోరుకునేదీ అదే. అయితే ఈ జబ్బు ఉన్న పిల్లల్లో కొందరికి రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పే మాక్రోఫేజ్ యాక్టివేషన్ సిండ్రోమ్ అనే, ప్రాణం మీదికి తెచ్చే పరిస్థితి ఎదురవుతుంది. అందులో ఫైబ్రినోజన్ ఖర్చయిపోతుంది కనుక, జబ్బు ముదురుతున్నప్పుడే ఈఎస్ఆర్ పడిపోతుంది. బిడ్డ తేరుకుంటూ ఉంటే తగ్గిన ఈఎస్ఆర్ శుభవార్త, బిడ్డ వాడిపోతూ ఉంటే అదే ఈఎస్ఆర్ హెచ్చరిక.

ఆ పరిస్థితిని గుర్తించడానికి 2016లో ప్రకటించిన ప్రమాణాలను నేను ఒక కాగితం మీద రాసి బీరువా తలుపుకు లోపలివైపు అంటించుకున్నాను. ఈ జబ్బు ఉన్న, లేదా ఉందని అనుమానిస్తున్న బిడ్డకు జ్వరం ఉండి, ఫెరిటిన్ 684 దాటి, దానితోపాటు ప్లేట్‌లెట్లు 1.81 లక్షలకు మించకపోవడం, ఏఎస్‌టీ 48 దాటడం, ట్రైగ్లిజరైడ్లు 156 దాటడం, ఫైబ్రినోజన్ 360కి మించకపోవడం అనే నాలుగింటిలో ఏ రెండు ఉన్నా వైద్యులు ఆ దిశగా ఆలోచిస్తారు. ఇందులో తల్లిదండ్రులు మోసపోయేది ప్లేట్‌లెట్ల దగ్గర. లక్షన్నర పైన ఉంటే ల్యాబు కాగితం దానిని మామూలుగానే చూపిస్తుంది, డెంగీ కాలంలో పిల్లలను పెంచిన విశాఖ తల్లులమంతా ఆ లక్షన్నర అంకెనే మనసులో పెట్టుకుంటాం. కానీ ఈ జబ్బు చురుకుగా ఉన్నప్పుడు ప్లేట్‌లెట్లు ఐదారు లక్షలకు చేరడం సాధారణం. ఆరు లక్షల నుంచి లక్షా ఎనభై వేలకు దిగితే, కాగితం మీద ఎర్ర అక్షరం ఒక్కటీ ఉండదు గాని దిగిన తీరే ప్రమాదాన్ని చెబుతుంది. అందుకే తాజా రిపోర్టుతోపాటు అంతకుముందు మూడు రిపోర్టుల ఫోటోలు కూడా డాక్టరు గారికి పంపండి. పాపకు టోసిలిజుమాబ్ అనే మందు ఎక్కిస్తున్నట్లయితే ఇంకొక మాట. ఆ మందు వాపును రగిలించే ఇంటర్‌ల్యూకిన్-6 అనే ప్రోటీనును అడ్డుకుంటుంది, కాలేయం సీఆర్‌పీ అనే మరో వాపు సూచికను, ఫైబ్రినోజన్‌ను తయారుచేసేది ఎక్కువగా దాని ఆదేశంతోనే కనుక, జబ్బు ఉన్నా లేకున్నా సీఆర్‌పీ, ఈఎస్ఆర్ రెండూ అందంగా కనిపించవచ్చు. జ్వరం కూడా అణిగి ఉండవచ్చు.

ఇక గీత మీద గుర్తు సంగతి. సున్నా అంటే బిడ్డ బాగా ఉన్నట్టు, పది అంటే బాగా కష్టపడుతున్నట్టు. అది జబ్బు ఎంత చురుకుగా ఉందో లెక్కగట్టే జాడాస్ అనే కొలతలో ఒక భాగం. 2009లో వచ్చిన ఈ కొలతలో నాలుగు అంశాలు ఉంటాయి: డాక్టరు పదికి వేసే మార్కు, తల్లిదండ్రులు లేదా బిడ్డ పదికి వేసే మార్కు, చురుకుగా ఉన్న కీళ్ల సంఖ్య, పదికి కుదించిన ఈఎస్ఆర్. కీళ్లను పదికి మించి లెక్కించని పద్ధతిలో మొత్తం 40. ఈఎస్ఆర్ నుంచి 20 తీసేసి, మిగిలినదాన్ని పదితో భాగిస్తారు. మీ పాప విషయంలో 90కి 7 పడితే 30కి 1 పడుతుంది. అంటే ఒక్క కీలు వాపూ తగ్గకుండా, ఒక్క పూట జ్వరమూ ఆగకుండానే మొత్తం లెక్కలో ఆరు మార్కులు తగ్గిపోయాయి. ఈఎస్ఆర్‌ను వదిలేసి మిగతా మూడింటితో 30కి లెక్కగట్టే పద్ధతి కూడా ఉంది. అసలు జాడాస్‌లో జ్వరానికి, దద్దుర్లకు చోటే లేదు. ఆ లోటు పూడ్చడానికి 2020లో ఈ రకం జబ్బు కోసమే సవరించిన కొలతను ప్రచురించారు. అందులో జ్వరం తీవ్రత, దద్దుర్లు, మెడలో చంకల్లో బిళ్లలు కట్టడం, కాలేయం లేదా ప్లీహం పెరగడం, గుండె చుట్టూ ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరల వాపు, రక్తహీనత వంటివాటికి మరో పది మార్కులు కలిపి మొత్తాన్ని 50 చేశారు. మీ డాక్టరు గారు ఏది వాడుతున్నారో అడగడం తప్పు కాదు.

గీత మీద గుర్తు పెట్టడంలో నేను మొదటి ఏడాదంతా ఒక తప్పు చేశాను. రిపోర్టు చూసి మార్కు వేసేదాన్ని. ఈఎస్ఆర్ 25 ఉంటే 2, 70 ఉంటే 6. ఒకసారి మా అబ్బాయి ఆ ఉదయం గ్లాసు పట్టుకోలేక పాలు ఒలకబోసుకున్న సంగతి మాటల మధ్యలో బయటపడింది. అది విన్న మా రుమటాలజిస్టు (కీళ్లవాతం డాక్టరు) గారు, అంతకుముందే నేను పెట్టిన 2ను చూసి, “అమ్మా, ఈఎస్ఆర్ నా దగ్గర ఉంది, దాన్నే మళ్లీ మీరు నాకు చెబుతున్నారు. ల్యాబు చూడలేనిది మీరు చూసి చెప్పాలి” అన్నారు. ఒకే జవాబుకు రెండుసార్లు మార్కులు వేయకూడదని ఏళ్లుగా తోటి ఉపాధ్యాయులకు చెప్పే నేను చేసింది సరిగ్గా అదే. అప్పటినుంచి రిపోర్టు కవరు విప్పకముందే గుర్తు పెడుతున్నాను.

ఏమి చూసి పెట్టాలన్నది అసలు ప్రశ్న. ఈ జ్వరం చాలామంది పిల్లల్లో రోజుకు ఒకసారో రెండుసార్లో ఎగసి, మళ్లీ మామూలుకో అంతకంటే కిందికో దిగిపోతుంది. మా వాడికి మొదట్లో రాత్రి ఏడున్నరకు 104 ఉండేది, మర్నాడు పదింటికి ఓపీలో చూసే డాక్టరుకు హుషారుగా కుర్చీ ఎక్కి దిగే పిల్లవాడు కనిపించేవాడు. పద్దెనిమిది రోజులు టైఫాయిడ్, డెంగీ, మలేరియా పరీక్షల చుట్టూ తిరిగాము. ఒకచోట పెద్దల కీళ్లవాతంలో చూసే రుమటాయిడ్ ఫాక్టర్ అనే రక్తపరీక్ష నెగటివ్ వచ్చింది కాబట్టి కీళ్లవాతం కాదని పంపేశారు. ఈ రకంలో అది సాధారణంగా నెగటివ్‌గానే ఉంటుందని తర్వాత తెలిసింది. దద్దుర్లు జ్వరంతో వచ్చి జ్వరంతో పోయేవి. పుస్తకాల్లో గులాబీ రంగు అని రాస్తారు గాని, చామనఛాయ ఒంటి మీద ఆ రంగు అంత సులభంగా కనిపించదు. మా అత్తగారు వంజరం చేప పడలేదని తేల్చి, రెండు నెలలు ఇంట్లో చేప వండనివ్వలేదు.

కనుక నోటుపుస్తకం పెట్టండి. ఉదయం ఆరింటికి, సాయంత్రం నాలుగింటికి, రాత్రి ఎనిమిదింటికి, ఇంకా పాప ఒళ్లు కాలినట్టు అనిపించిన ప్రతిసారి, పారాసెటమాల్ వేయకముందు ఉష్ణోగ్రత చూసి రాయండి. దద్దుర్లు కనిపించిన క్షణంలోనే మంచి వెలుతురులో ఫోటో తీయండి. పొద్దున్న లేచాక కీళ్ల బిగుతు వదలడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాయండి. అది పాపను అడిగితే తెలియదు. బ్రష్ ఎప్పుడు సరిగ్గా పట్టుకుంది, మెట్లు ఎప్పుడు రెయిలింగ్ పట్టుకోకుండా దిగింది అన్నది చూసి రాయాలి. స్టెరాయిడ్ మోతాదు మారిన తేదీ తప్పక ఉండాలి, ఎందుకంటే ఆ మందు మీద పిల్లలు బుగ్గలు నిండి, ఆకలితో, హుషారుగా ఉంటారు, ఆ హుషారును చూసి నేను చాలాసార్లు మార్కు తక్కువ వేశాను.

ల్యాబు ఒక్కటే పెట్టుకోండి. రక్తం తీసిన నాలుగు గంటల్లోపు ఈఎస్ఆర్ చూడకపోతే అంకె తప్పుగా తక్కువ రావచ్చు. ఇంటికొచ్చి రక్తం తీసుకుని, నగరంలో ఆ చివరి నుంచి ఈ చివరికి మధ్యాహ్నపు ఎండలో బండి మీద తీసుకెళ్లే సేకరణ కేంద్రాల విషయంలో నాకు ఆ అనుమానం తీరలేదు. ఇప్పుడు పరీక్ష అక్కడే చేసే చోటికి మేమే వెళ్తున్నాము.

జబ్బు పూర్తిగా సద్దుమణిగిందని అనాలంటే, ఉబ్బిన కీలు ఒక్కటీ లేకుండా, జ్వరం, దద్దుర్లు, బిళ్లలు ఏవీ లేకుండా, ఉదయపు బిగుతు 15 నిమిషాలు దాటకుండా, రక్తపరీక్ష మామూలుగా ఉండి, డాక్టరు ఇచ్చే మార్కు కూడా అట్టడుగున ఉండాలి. మందులు వాడుతూ వరుసగా 6 నెలలు అలా గడిస్తే ఒక మెట్టు, మందులు ఆపాక 12 నెలలు గడిస్తే మరో మెట్టు. ఒక్క ఈఎస్ఆర్‌కు ఆ అధికారం లేదు.

మీ పాప కోసం నేను అంకె చెప్పలేను. ఫోన్ చేసి, వారు చెప్పిన పరీక్షలు చేయించాక, గీత ముందు కూర్చున్నప్పుడు గడిచిన వారం నోటుపుస్తకాన్ని మాత్రమే తెరవండి. ప్రతి సాయంత్రం జ్వరంతో పడుకునే ఉన్న బిడ్డకు, 30 అన్న అంకెను చూసి 2 వేయకండి. పాపను కూడా అడగండి, ఏడేళ్లకు ఏడుపు ముఖం నుంచి నవ్వు ముఖం దాకా బొమ్మలు గీసి చూపిస్తే బాగానే చెబుతారు. తన మార్కు, మీ మార్కు వేరైతే రెండూ రాయించండి.