జంషెడ్‌పూర్ పెరిగింది ముందు నదుల వల్ల

"జంషెడ్‌పూర్ అంత పద్ధతిగా పెరగడానికి జంషెట్జీ టాటా ముందుచూపే కారణమా?" అని అడిగారు. సగమే నిజం. నేను అక్కడే పుట్టి పెరిగాను. మా తాత శ్రీకాకుళం నుంచి రైలెక్కి వెళ్లి టాటా ఉక్కు కార్ఖానాలో చేరాడు. మావాళ్లెవరూ ఊరి పేరు పూర్తిగా అనరు, "టాటా" అంటారు.

వెడల్పాటి రోడ్లు వేయాలి, నీడనిచ్చే చెట్లు నాటాలి అని జంషెట్జీ కొడుక్కి ఉత్తరం రాశారు, ఒప్పుకుంటా. కానీ 1904లోనే పోయారు. ఇప్పటి జంషెడ్‌పూర్ ఉన్న సాక్చీ పల్లెలో కార్ఖానా పని మొదలైంది 1908లో. ఉక్కు తయారీకి బోలెడు నీళ్లు కావాలి. సువర్ణరేఖ, ఖర్‌కై నదులు రెండూ అక్కడ పక్కపక్కనే. రైలుకు కాళీమాటి స్టేషన్ దగ్గర, ఇనుప ఖనిజానికి గోరుమహిసాని గనులు దగ్గర. నదులే లేకపోతే ఆ ఉత్తరం ఉత్తరంగానే మిగిలేది. 1912లో ఉక్కు వచ్చింది, 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ ఊరికి జంషెట్జీ పేరు మీద జంషెడ్‌పూర్ అని కొత్త పేరు పెట్టాడు.

అయితే నదికి రెండో ముఖం కూడా ఉంది. మా ఇల్లు బాగ్‌బేడాలో, ఖర్‌కైకి దగ్గర్లో. నా చిన్నప్పుడు ఒక వానాకాలం రాత్రి నీళ్లు ఇంట్లోకొచ్చేశాయి. అమ్మ బియ్యం డబ్బా బీరువా మీదికెక్కించి, నన్నూ చెల్లినీ పక్కింటి బెంగాలీవాళ్ల డాబా మీదికి పంపింది. నాన్నది నైట్ షిఫ్ట్. తెల్లారి సైకిల్ భుజాన వేసుకుని నడుంలోతు నీళ్లలో వచ్చాడు. బిష్టుపూర్‌లో పిన్నివాళ్ల కంపెనీ క్వార్టర్‌లో ఆ రాత్రి కరెంటు కూడా పోలేదట. వరద తీశాక గోడ మీద పడిన బురద చార, ఎన్నిసార్లు సున్నం వేసినా మళ్లీ పైకి తేలేది.

ప్లాన్ గీసింది కంపెనీ క్వార్టర్లకే. ఊరు నిజంగా పెరిగింది మానగో, జుగ్‌సలాయ్, బాగ్‌బేడా లాంటి చోట్ల, ఎవరి ప్లానూ లేకుండా. బిహారీలు, ఒడియావాళ్లు, మన తెలుగువాళ్లు సొంతంగా కట్టుకున్నారు. బిష్టుపూర్ రామమందిరం మనవాళ్లదే. అంతకుముందు నుంచీ ఆ నేల మీద ఉన్న సంతాల్, హో కుటుంబాల ఊసైతే ఎవరూ ఎత్తరు. జూబ్లీ పార్క్ ఫొటో పెట్టి ఆదర్శ నగరం అనేస్తారు. ఓటేసి కార్పొరేటర్‌ని ఎన్నుకునే వీలు క్వార్టర్లున్న అసలు జంషెడ్‌పూర్‌లో తరాలుగా లేదు. నల్లా రాకపోతే ఎవరి గుమ్మం ముందు నిలబడాలో జనానికి తెలియని ఊరు ఆదర్శం ఎలా అవుతుందండీ?