మావగారికి 4,000 వస్తోంది, రేపు మాకూ వస్తుంది, ఇంక దాచుకోవడం దేనికి?

విజయవాడ నుంచి ఒక చెల్లెమ్మ రాసింది. వయసు 39, ఏడేళ్లుగా చీరల షాపులో సేల్స్‌లో ఉంది, జీతం 14,000, పీఎఫ్ కట్ అవుతుంది. వాళ్ళాయనకి 43, ఆటో తోలతాడు. అత్తగారు, మావగారు వీళ్ళతోనే ఉంటారు, అందరికీ ఒకటే రేషన్ కార్డు. మావగారికి ఒకటో తారీఖున 4,000 పెన్షన్ ఇంటికొస్తుంది. నెలకి ఎలాగోలా 4,000 మిగులుతుందట. "మాకు 60 వచ్చాక ఇద్దరికీ కలిపి 8,000 వస్తుంది కదా, ఇప్పటి నుంచి కడుపు కట్టుకుని దాచడం ఎందుకు అంటున్నారు మా ఆయన. ఆటో అమ్మేసి, నేను షాపు మారేటప్పుడు వచ్చే పీఎఫ్ డబ్బులు కలిపి, సెకండ్ హ్యాండ్ కారు కొని సొంత ప్లేటుతోనే కిరాయిలకి తిప్పుకుంటానంటున్నారు. మీరేమంటారు?" ఇదీ ప్రశ్న.

అమ్మా, ముందు ఆ 8,000 సంగతి తేలుద్దాం. రాదు. మన రాష్ట్రంలో మామూలుగా ఒక కార్డుకి ఒకటే పెన్షన్, దివ్యాంగుల లాంటి కొన్ని కేసుల్లో తప్ప. మీ ఇంట్లోనే చూడండి, మావగారికి వస్తోంది, అత్తగారికి వస్తోందా? మీ ఆయనకి మీకన్నా నాలుగేళ్ళు ఎక్కువ కాబట్టి ఆయనకి 60 నిండగానే ఆయన పేరు మీద మొదలవుతుంది, మీకు 60 వచ్చినా మీ పేరు లైన్లోకి రాదు, ఆయన తర్వాతే మీకొస్తుంది (అనకూడదు గానీ లెక్క లెక్కే). అంటే మీరు వేసుకోవాల్సింది 8,000 కాదు, 4,000. అది కూడా ఇప్పటి రూల్స్ ఇలాగే ఉంటే.

అలాగని ఆ 4,000ని నేను చిన్నచూపు చూడట్లేదు. ఏడాదికి 48,000. ఇదే డబ్బు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీములో 8.2 శాతం వడ్డీగా రావాలంటే అక్కడ దాదాపు 5 లక్షల 85 వేలు పెట్టి కూర్చోవాలి. మీ మావగారు ఎంత కాలం మిల్లులో బస్తాలు మోసినా అంత డబ్బు ఒక్కసారి కళ్ళ చూసి ఉండరు. వేళ్ళు అరిగిపోయి మెషీన్లో వేలిముద్ర పడక మూడుసార్లు తుడిచి తుడిచి పెట్టించే ముసలాయనలని ఎంతమందిని చూశానో, ఆ డబ్బు చేతికొచ్చాక ఇంట్లో ఆ పెద్దవాళ్ళ మాటకి ఒక విలువ వస్తుంది, అది నేను ఏ లెక్కలోనూ చూపించలేను.

కానీ ఆ పెన్షన్ మీ డబ్బు కాదు, ఎవరో గీసిన గీత లోపల ఉన్నంత కాలం వచ్చే డబ్బు. ఇంట్లో ఎవరైనా ఇన్‌కమ్ టాక్స్ కడుతున్నారా, ప్రభుత్వ ఉద్యోగం ఉందా, కరెంటు సగటున నెలకి 300 యూనిట్లు దాటిందా, టౌన్లో వెయ్యి చదరపు అడుగులు మించిన ఇల్లుందా, నాలుగు చక్రాల బండి ఉందా, ఇలా చూస్తారు. మా వీధిలో ఒక పెద్దావిడకి కింద పైన రెండు వాటాలకీ ఒకటే మీటర్, పై వాటాలో అద్దెకున్న వాళ్ళు ఏసీ పెట్టారు, పెన్షన్ ఆగింది. ఆ ఏసీ చల్లగాలి ఆవిడకి ఒక్కరోజు తగల్లేదు పాపం. మీటర్లు విడగొట్టించి, కాగితాలు పట్టుకుని తిరిగి తిరిగి మళ్ళీ తెచ్చుకునేసరికి నెలలు పట్టింది.

ఇప్పుడు కారు దగ్గరికి రండి. టాక్సీ, ఆటో, ట్రాక్టర్‌కి ఆ రూల్లో మినహాయింపు ఉంది, సొంత ప్లేటు కారుకి లేదు. ఒకే కార్డులో ఉన్న కొడుకు పేరు మీద తెల్ల ప్లేటు కారు రిజిస్టర్ అయితే తండ్రి పెన్షన్‌కి ఎసరు. పైగా తెల్ల ప్లేటుతో కిరాయికి తిప్పడం చట్టవిరుద్ధం, ఏదన్నా జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ చేతులెత్తేస్తుంది. కొనాలనే ఉంటే పసుపు ప్లేటుతో కొనమనండి, ఖర్చు ఎక్కువే, అయినా సరే. అది కుదరకపోతే ఆటోనే నయం.

ఇంకో సంగతి, ఇది చాలామందికి తట్టదు. 2014 సెప్టెంబర్‌లో పీఎఫ్ పెన్షన్, అదే ఈపీఎస్, కనీసం 1,000 ఉండాలని కేంద్రం పెట్టింది. సరిగ్గా ఆ తర్వాత నెల, అక్టోబర్‌లో, మన రాష్ట్రంలో వృద్ధాప్య పెన్షన్ 200 నుంచి 1,000 అయింది. రెండూ ఒక్క దగ్గర బయల్దేరాయి. 2024 జూలైకి వృద్ధాప్య పెన్షన్ 4,000కి చేరింది, ఈపీఎస్ కనీసం మాత్రం ఆ వెయ్యి దగ్గరే కూర్చుంది. ఓటుతో ముడిపడింది పెరిగింది, జీతంలోంచి కోత పెట్టుకున్నది కదల్లేదు. 4,000లో 60 నుంచి 79 ఏళ్ళ వాళ్ళకి కేంద్రం వాటా ఎంతో తెలుసా, 200. మిగతాదంతా రాష్ట్రం మోస్తోంది. ఇక్కడ 4,000 చేసిన ఆ జూలైలోనే జగ్గయ్యపేట దాటి అటు ఖమ్మం వైపు వెళ్తే అదే వయసు ముసలాయనకి 2,016. వయసు కూడా అంతే, 2019 దాకా మనకి 65, తర్వాత 60 చేశారు. తగ్గించిన వాళ్ళు పెంచరని మీకు 60 వచ్చే 21 ఏళ్ళ తర్వాతి సంగతి నేనైతే రాసివ్వలేను.

అదే మీ వీధిలో 2004కి ముందు చేరి రిటైరైన టీచరుగారుంటే చూడండి, ఆయనకి ఆఖరి బేసిక్‌లో సగం దాకా పెన్షన్, దాని మీద ధరలతో పాటు పెరిగే డీఆర్, ఆయన కరెంటు బిల్లు ఎవరూ అడగరు. ఇంకోటి, గిరిజనులకి, చేనేత, మత్స్యకార, కల్లుగీత వాళ్ళకి 50కే ఇస్తున్నారు, ఒళ్ళు ముందే అరిగిపోతుందని, న్యాయమే. కానీ పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా పరుపు పక్కన నిలబడి చీరలు విప్పి, మళ్ళీ మడతలేసి, పండగ సీజన్లో కాళ్ళల్లో నరాలు ఉబ్బిపోయే మీలాంటి వాళ్ళకి ఏ కేటగిరీ లేదు. ఆటో వెనక్కి నెట్టీ నెట్టీ నడుము పోయిన మీ ఆయనకీ లేదు. 60 దాకా మీ ఒళ్ళు మీ మాట వినకపోతే 52 నుంచి 60 దాకా ఏం తింటారు? నా భయం అది.

కాబట్టి పీఎఫ్ తియ్యొద్దు. షాపు మారండి, తప్పులేదు, పాత యూఏఎన్ నంబరే (షాపు మారినా మారని మీ పీఎఫ్ నంబరు) కొత్త షాపులో ఇచ్చి ట్రాన్స్‌ఫర్ పెట్టించుకోండి. ఇప్పటికి ఏడేళ్ళు అయ్యాయి, పదేళ్ళు నిండితేనే పెన్షన్ హక్కు, ఫామ్ 10సి పెట్టి పీఎఫ్‌లోని పెన్షన్ వాటా డబ్బు తీసేసుకుంటే ఆ ఏడూ సున్నా. ఇదే జీతం మీద పదేళ్ళకి నెలకి 2,000 వస్తుంది, 58 దాకా మొత్తం 26 ఏళ్ళు చేస్తే, 20 ఏళ్ళు దాటినందుకు ఇంకో రెండేళ్ళు కలుపుతారు కాబట్టి, 14,000ని 28తో గుణించి 70తో భాగించండి, 5,600. మీ జీతం పెరిగితే ఇదీ పెరుగుతుంది, కాకపోతే పీఎఫ్ వాళ్ళు పెట్టిన జీతం పరిమితి దాకానే. కొత్త షాపు వాళ్ళు "పీఎఫ్ లేకుండా చేతికి 800 ఎక్కువిస్తాం" అంటారేమో, వద్దనండి.

రెండోది అటల్ పెన్షన్, ఇది మీరు ఈ నెలే చెయ్యాలి, 40 దాటితే చేరనివ్వరు, మీ ఆయనకి ఆ గేటు ఇప్పటికే పడిపోయింది. 39లో చేరితే 60 తర్వాత నెలకి 5,000 కోసం 1,318 కట్టాలి, 40కి ఆగితే 1,454. మీ తర్వాత మీ ఆయనకి అంతే పెన్షన్, ఇద్దరి తర్వాత పిల్లలకి 8 లక్షల 50 వేలు. కరెంటు మీటర్ చూడరు, కారు చూడరు. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి, ధరలు ఏడాదికి 6 శాతం చొప్పున పెరిగితే అప్పటి 5,000 ఇప్పటి 1,470తో సమానం. అందుకే ఇదొక్కటే చాలదు.

మీ ఆయన పేరు మీద పోస్టాఫీసులో పీపీఎఫ్ తెరిచి నెలకి 1,500 వెయ్యండి. ఇప్పటి 7.1 శాతమే కొనసాగితే 15 ఏళ్ళకి, అంటే ఆయనకి 58 నాటికి, నాలుగున్నర లక్షల పైనే ఉంటుంది. మిగిలిన 1,180 ఫలానా ఖర్చుకని అనుకోకుండా బ్యాంకులో ఆర్‌డీ, ఆయన నడుము పట్టేసిన నెలకి అదే ఇంటి ఖర్చు. అందులోంచే ఏడాదికి 436 రూపాయల జీవన్ జ్యోతి, 20 రూపాయల సురక్షా, ఈ రెండు బీమాలూ ఇద్దరికీ తీసుకోండి. మావగారికి 70 దాటితే వయో వందన కార్డు చేయించండి, 5 లక్షల వైద్యం, ఆదాయం అడగరు.

ఇంకొక చిన్న పని. మీ ఆధార్లో, పీఎఫ్ పాస్‌బుక్‌లో పుట్టిన తేదీ ఒకటే ఉందా చూడండి, అత్తగారి ఆధార్ కూడా తియ్యండి, మన పెద్దవాళ్ళకి చాలామందికి జనవరి 1 అని ఏదో ఒక సంవత్సరం వేసేశారు. ఆవిడ పేరుకి పెన్షన్ మారాల్సిన రోజు వస్తే అప్పుడు కాదు, ఇప్పుడే సరిచేయించుకోండి, ఇప్పుడైతే మావగారు కూడా పక్కన సంతకానికి ఉంటారు.