మీరు అడిగారు: ఎర్రతోక విమానాల లెక్క

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నల్లజాతి పైలట్లు కాపలా వెళ్తే ఒక్క బాంబరు కూడా కూలలేదని మా కోచింగ్ నోట్సులో ఉంది. నిజమేనా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: కాదు, ఆ వాక్యం కొట్టేయండి. నల్లవాళ్లు యుద్ధంలో బాధ్యత గల పనులకు పనికిరారని 1925లో అమెరికా ఆర్మీ వార్ కాలేజీ రాసిపెట్టింది. అందుకే 1941లో అలబామా రాష్ట్రం టస్కీగీలో శిక్షణ మొదలైనప్పుడు దాన్ని 'ప్రయోగం' అన్నారు. మొదటి బ్యాచ్‌లో చేరింది 13 మంది, 1942 మార్చిలో గట్టెక్కింది ఐదుగురు. అంత చిన్నచూపు చూసిన చోట 'ఒక్కటీ పోలేదు' అన్న మాట ఎంత తీపిగా వినిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు. 1945 మార్చిలో 'షికాగో డిఫెండర్' పత్రిక ఆ మాట అచ్చువేసింది, అరవై ఏళ్లు అదే నడిచింది.

తర్వాత వైమానిక దళ చరిత్రకారుడు డేనియల్ హాల్‌మన్ కాగితాలు తిరగేశారు. పద్ధతిలో కిటుకేమీ లేదు, ఓపిక కావాలి. ఏ తేదీన, ఏ బాంబరు దళం వెంట, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా వెళ్లారో ఈ పైలట్ల దళమైన, విమానాల తోకలకు ఎరుపు వేసుకున్న 332వ ఫైటర్ గ్రూపు నివేదికల్లో ఉంటుంది. కూలిన బాంబరుకు విడిగా 'సిబ్బంది గల్లంతు' నివేదిక ఉంటుంది: సమయం, చోటు, కారణం. రెండూ పక్కపక్కన పెట్టి, శత్రు విమానాలు కూల్చినవాటినే ఏరాలి. నేల మీది ఫిరంగులు కూల్చినవాటిని కలిపితే లెక్క తప్పుతుంది; ఫిరంగి గుండును ఏ ఫైటరూ అడ్డుకోలేదు.

తేలింది 27. అందులో 15 ఒక్కరోజువే, 1944 జులై 18న జర్మనీలోని మెమ్మింగెన్ దాడిలో పోయినవి. వీళ్లు పనిచేసిన 15వ వైమానిక దళంలోని మిగతా ఫైటర్ గ్రూపుల సగటు 46. మొత్తం 179 కాపలా యాత్రలు. సున్నా కంటే, 46 పక్కన ఈ 27 పెట్టి చూస్తేనే వాళ్ల పనితనం తెలుస్తుందని మా అభిప్రాయం.

ప్రశ్న: మస్టాంగ్ ఇటలీ నుంచి బెర్లిన్ పోయి ఎట్లా తిరిగొచ్చింది? అంత పెట్రోలు ఎక్కడ పట్టింది సార్?
– ఐటీఐ విద్యార్థి, కాజీపేట

జవాబు: మస్టాంగ్ అంటే ఈ ఎర్రతోక పైలట్లు నడిపిన ఫైటరు విమానం. 1945 మార్చి 24 నాటి ఆ యాత్ర రానుపోను సుమారు 1,600 మైళ్లు. వరంగల్ నుంచి ఢిల్లీకి ఎగిరి, అక్కడ కొట్లాడి, మధ్యలో దిగకుండా తిరిగి రావడం కన్నా ఎక్కువే.

ఒక్కో రెక్కలో సుమారు 348 లీటర్లు, పైలట్ వీపు వెనక 322, రెక్కల కింద వదిలేసే డ్రాప్ ట్యాంకులు రెండు. ఏది ముందు వాడాలన్నదే అసలు విద్య. కార్బురేటర్‌లో మిగిలింది ఎడమ రెక్క ట్యాంకుకే తిరిగొస్తుంది. అందుకే దానితోనే లేచి, కాస్త చోటు చేయాలి. లేకపోతే పొర్లి బయటికి పోతుంది. పైకి చేరాక వీపు వెనకది సుమారు 100 లీటర్లకు దించాలి. అది నిండుగా ఉంటే తోక బరువెక్కి, గట్టిగా మలుపు తిప్పినప్పుడు స్టిక్ (పైలట్ పట్టుకుని నడిపే కర్ర) తనంతట తానే ఇంకా వెనక్కి వస్తుంది. ఆ తర్వాత డ్రాప్ ట్యాంకులను ఒకదాని తర్వాత ఒకటి మార్చుతూ వాడాలి, రెక్కలు సమంగా ఉండేందుకు. శత్రువు కనబడితే ముందు ట్యాంకు మార్చే మీట, అంటే సెలెక్టర్, లోపలి ట్యాంకుకు తిప్పి, ఆ తర్వాతే వాటిని వదలాలి. తొందరలో తిప్పడం మరిచిపోతే ఇంజన్ అక్కడే ఆగుతుంది. ఆ రోజు వీళ్లు మూడు జర్మన్ జెట్ ఫైటర్లను (మెసర్‌ష్మిట్ 262లను) కూల్చారు.

ప్రశ్న: నిజాం డబ్బుతో నడిచిన స్క్వాడ్రన్‌కు వీళ్లతో సంబంధముందా?
– మామునూరు పాఠకుడు

జవాబు: నేరుగా లేదు. కానీ నిజాం తలపాగా గుర్తుగా ఉన్న బ్రిటిష్ 152వ (హైదరాబాద్) స్క్వాడ్రన్, టస్కీగీవారి 99వ స్క్వాడ్రన్ 1943లో ఒకే సిసిలీ పోరులో ఉన్నాయి. వారివి స్పిట్‌ఫైర్లు, వీరివి పాత పీ-40లు.

ప్రశ్న: మోడల్ విమానం తోకకు ఎరుపు వేస్తే మట్టిరంగులా వస్తోంది.
– కరీంనగర్

జవాబు: వెండిరంగు మీద నేరుగా వేస్తున్నట్టున్నారు. ముందు పలచగా తెలుపు వేసి ఆరనివ్వండి, ఆపైన ఎరుపు రెండు పూతలు. తోక మీది చిన్న ట్రిమ్ ట్యాబ్‌లు (అంచున కదిలే రేకులు) ఎర్రగా ఉండవు; గ్రూపులోని స్క్వాడ్రన్‌ను బట్టి రంగు మారుతుంది: 99వదానికి తెలుపు, 100కి నలుపు, 301కి నీలం, 302కి పసుపు. బెర్లిన్ యాత్ర విమానం చేస్తుంటే మాత్రం పసుపు వద్దు. ఆ నెల మొదట్లోనే 302ను రద్దు చేశారు.